సగంలో ఆగిన ముల్లు

మా ఆయన బ్రేకు వేయడానికి రెండు చేతులూ వాడిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తిరిగి వస్తున్నాం. సాయంత్రం ఐదు దాటి ఉంటుంది. వెనక సీట్లో పిల్లలిద్దరూ, వాళ్ళ మధ్య చీరల ఖాళీ సంచులు. మలుపు తిరగ్గానే రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. కంగారు పడాల్సినంత దగ్గరేమీ కాదు. ఆయన కుడిచేత్తో బ్రేకు లివరును ముందుకు తోశాడు. కారు నెమ్మదించింది కానీ ఆగలేదు. మళ్ళీ తోశాడు. అప్పుడు స్టీరింగు మీదున్న ఎడమచెయ్యి తీసి, కుడిచేతి మీద వేసి, ఒళ్ళంతా ముందుకు వంచి తోశాడు. స్టీరింగును ఎవరూ పట్టుకొని లేరు. ఒకటి రెండు సెకన్లే అయ్యుంటుంది. ఆ కాసేపూ నేను రోడ్డును చూడలేదు, గొర్రెలనూ చూడలేదు. ఎవరి చెయ్యీ లేని ఆ స్టీరింగునే చూశాను.

కారు ఒక గొర్రె పక్కటెముకలకు ఆనుకొని ఆగింది. గొర్రె తల తిప్పి ఒకసారి చూసి నడిచిపోయింది. కాపరి మాత్రం వచ్చి బానెట్టు మీద కర్రతో తట్టాడు.

"ఏమన్నా, గొర్రె కావాల్నంటే అడుగు, బేరమాడుకుందాం. ఇట్ల గుద్ది తీసకపోతావా?"

"బ్రేకు పట్టల్యాదప్పా. పాత బండి" అన్నాడు మా ఆయన.

"బండి పాతదైతే సావు మాకా? పో, నిదానంగా పో."

పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు. కొంతదూరం పోయాక, "బ్రేకులో ప్రెజరు తగ్గినాది. రేపు భాయ్‌కి సూపిస్తాలే" అన్నాడు. నేను సరేనన్నాను. కారుకే ఏదో అయిందని ఇద్దరమూ నమ్మాం.

ఆ కారు గురించి, ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఆయనకు రెండేళ్ళ వయసులో పోలియో వచ్చింది. రెండు కాళ్ళూ పట్టు తప్పాయి. సంకకర్రల మీదే బడికి పోయాడు, డిగ్రీ చదివాడు, నన్ను పెళ్ళిచూపులు చూడడానికి కోడుమూరులో మా ఇంటి మెట్లెక్కాడు. కారు మా మామది. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి అమ్మేస్తుంటే ఎప్పుడో కొన్నాడట. గుండ్రటి వీపు, గుండ్రటి లైట్లు, నాకంటే వయసులో పెద్దది. మామ పోయాక దాన్ని ఈయన ఆదోనిలో ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయి తనకు తగ్గట్టు మార్పించుకున్నాడు. ఆ మెకానిక్‌ను అందరూ భాయ్ అనే పిలుస్తారు. స్టీరింగుకు కుడిపక్క ఒక పొడుగాటి లివరు పెట్టాడు. ముందుకు తోస్తే ఒక కడ్డీ పోయి బ్రేకు పెడలును అదుముతుంది. దగ్గరికి లాగితే వేగం పెరుగుతుంది. క్లచ్చుకు గేరు రాడ్డు మీద చిన్న పిడి. ముందు చక్రాలకు పాత డ్రమ్ములు తీసేసి, ఏదో వ్యానువి డిస్కు బ్రేకులు వేశాడు.

వారానికి రెండుసార్లు మగ్గాల ఇళ్ళలో చీరలు తీసుకొని ఆదోని అంగళ్ళలో వేసి రావడం ఆయన పని. రోజూ పొద్దున పిల్లలను బడిలో దింపడం కూడా ఆయనదే, దానికి ఇంకెవర్నీ రానివ్వడు. అంగడి ముందు కారు ఆపి హారన్ కొడితే లోపలివాళ్ళే బయటికి వస్తారు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నాడు: "దీంట్లో కూసుంటే నాకు కాళ్ళు లేవని నాకే గుర్తుండదు." ఆ మాట విన్నదాన్ని కాబట్టే, ఈ కారు మనకు వద్దు అని నోరు తెరిచి అనలేకపోయాను. ఇంకోపక్క ఆ కారులో ఎక్కేది నా పిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి ఐదు.

మర్నాడు భాయ్ షెడ్డుకు నేను కూడా పోయాను. భాయ్ నన్ను డ్రైవరు సీట్లో కూర్చోమన్నాడు. తను ముందు చక్రం పక్కన నేల మీద పడుకొని, బ్రేకు దగ్గరున్న చిన్న బోల్టుకు సన్నటి పైపు తొడిగి, పైపు రెండో కొసను కొంచెం బ్రేకు ఆయిల్ పోసిన పచ్చడి సీసాలో ముంచాడు.

"అమ్మా, కాలితో మూడు తూర్లు కొట్టు. మూడోతూరి అదిమి పట్టుకో. నేను సెప్పకుండా ఇడిసినావంటే గాలి మల్ల లోపలికి పోతాది."

"ఇడ్సనులే."

"ఇడిస్తే మీ ఆయనను తిడ్తా, నిన్ను కాదు."

అదిమాను. భాయ్ బోల్టు వదులు చేశాడు. నా పాదం కింద పెడలు మెల్లగా దిగిపోతుంటే, ఏదో చేతిలోంచి జారిపోతున్నట్టు అనిపించింది. సీసాలో బుడగలు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. ఆయన సంకకర్రల మీద వంగి చూసి, "అదో" అన్నాడు. ఆ ముఖంలో ఎంత తేలిక! పైపుల్లో గాలి ఉంటే బ్రేకు మెత్తబడుతుందని, తోసిన బలమంతా గాలిని నొక్కడానికే సరిపోతుందని భాయ్ వివరించాడు. నాలుగు చక్రాల దగ్గరా గాలి తీసి, కొత్త ఆయిల్ పోశాడు.

"దొంగ దొరికినాడన్నా, ఇంగ పో" అన్నాడు.

వారం రోజులు బాగుంది. లేదా బాగుందని అనుకున్నాం. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో నేనూ కారులో ఉన్నాను, బడి ముందున్న స్పీడు బ్రేకరు మీద కారు ఆగాల్సిన చోట ఆగకుండా ఎగిరి దూకింది. వెనక పిల్లల తలలు పైకప్పుకు తగిలాయి. ఇద్దరూ కేరింతలు కొట్టారు. "నాయనా, ఇంగోసారి! ఇంగోసారి ఎగిరించు!" అని చిన్నది సీటు మీద నిలబడింది. ఆయన కేరింతలు విని నవ్వాడు కానీ, లివరు మీదున్న చెయ్యి తీసి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ ఉన్నాడు. నేను చూశాను. చూసి కూడా నేను ఆలోచించింది పైపుల గురించే. మళ్ళీ గాలి చేరిందేమో అనుకున్నాను.

అప్పటి నుంచి ఏదో ఒక పని చెప్పుకొని రోజూ పొద్దున నేనూ కారెక్కేదాన్ని. పోస్టాఫీసులో పని, బియ్యం మిల్లు దగ్గర పని. పిల్లలను వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి ఇద్దరికీ అడ్డంగా నా చెయ్యి పెట్టేదాన్ని. కారు ఆగుతుందో ఆగదో తెలియకపోతే, ముందు పోయే ప్రతి సైకిలు వెనక చక్రమూ నా గుండెల్లో తిరిగేది. మధ్యాహ్నాలు ఫోనులో వెతికి చదివాను. కారు బ్రేకుల్లో ప్రెజరు తగ్గడానికి కారణాలు: గాలి చేరడం, ఆయిల్ కారడం, రబ్బరు వాషర్లు అరగడం, కొత్త డిస్కులకు పాత మాస్టర్ సిలిండర్ చాలకపోవడం. అన్నీ నోటుబుక్కులో రాసుకొని ఆయనకు చదివి వినిపించాను. వాటిలో ఎక్కడా తోసే మనిషి గురించి లేదు.

రెండోసారి పోయినప్పుడు భాయ్ ముందుగా తనే కారు తీసుకొని ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"నా చేతికి బాగనే ఉండాదే."

"నీ చేతికి బాగుండచ్చు భాయ్. దినాం తోలేటోడు నేను గదా" అన్నాడు మా ఆయన. గొంతులో అంత కటువు నేను ఎప్పుడూ వినలేదు.

భాయ్ నావైపు ఒకసారి చూశాడు. "సరే సరే, కోపమెందుకు? ఇప్పి సూద్దాం. బండే గదా, ఇప్పితే ఏడుస్తాదా?"

మాస్టర్ సిలిండర్ విప్పి, వాషర్లు మార్చి బిగించాడు. తీసిన వాషర్లు నా చేతిలో పెట్టాడు. అవి బాగానే ఉన్నాయి. అంచులు ఎక్కడా తినేసి లేవు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తప్పు మా ఇంట్లోనే మొదలైంది. నా పుట్టింట్లో మగ్గం లేదు. ఈ ఇంటికి వచ్చాక నేర్చుకున్న సంగతుల్లో ఒకటి, నేసేవాని చెయ్యి మాట ఎత్తకూడదు. బట్టలో తప్పు పడితే నూలు చూడు, గంజి చూడు, పోగులు దూరే అచ్చు చూడు, గాలిలో తేమ చూడు. మగ్గమంతా విప్పి చూసినా సరే, చెయ్యి బాగలేదేమో అని మాత్రం అనకూడదు. చెయ్యి పోయిందని ఒకసారి బయటికి వస్తే ఆ ఇంటికి నూలు ఇచ్చేవాళ్ళు ఉండరు. మా అత్త ఆ మాటను దేవుడి మాటలా పాటిస్తుంది. మా ఆయన మగ్గం గుంటలో దిగి కాళ్ళతో తొక్కలేడు. అందుకని చిన్నప్పుడే మామ ఆయనకు పోగులు అతకడం నేర్పాడు. మగ్గం మీద నిలువుగా పరిచిన పాత పడుగు అయిపోతే, దాని ప్రతి పోగు చివరకూ కొత్త పడుగు పోగును కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకొని మెలిపెట్టాలి. వేల పోగులు. వీధిలో నలుగురైదుగురు ఆయన చేతనే అతికించుకునేవాళ్ళు. ఆయన అతికిన పోగు తెగదని పేరు.

ఆ నెలల్లో ఒక మధ్యాహ్నం ఆయన ఆదోని పోయినప్పుడు, మా అత్త మగ్గం దగ్గర కూర్చొని, ఆయన పొద్దున అతికిన పోగులను మళ్ళీ ఒక్కొక్కటీ మెలిపెడుతూ కనిపించింది.

"ఎందుకత్తా, అతికినవే గదా?"

"ఎండకు నూలు బిరుసెక్కినాదిలే. నిలబడల్యా" అంది తల ఎత్తకుండా.

నేను నమ్మాను. ఇంత చదివి, నూలు బిరుసెక్కిందంటే నమ్మాను. అక్కడ నూలుదీ ఇక్కడ బ్రేకుదీ తప్పు. రెండు తప్పులకూ మధ్యలో ఉన్నది ఒకే జత చేతులని నాకు తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా.

మూడోసారి భాయే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎవరినో అడిగి ఒక ప్రెజరు మీటరు తెప్పించాడట. అరచేతి అంత గుండ్రటి అద్దం, లోపల ఎర్ర ముల్లు. ముందు చక్రం దగ్గర బ్రేకు పైపుకు బిగించాడు. లివరును తోస్తే ఆయిల్ ఎంత ఒత్తిడితో చక్రం దాకా చేరుతుందో ముల్లు చెబుతుంది. ఇంక ఊహించే పని లేదన్నాడు. పిల్లలు బడిలో ఉన్నారు. మా ఆయనను చక్రం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి ముల్లు చూడమని, భాయ్ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

"తోస్తాండా. సెప్పన్నా."

"పోతాంది... పోతాంది... పై గీత దాటినాది" అన్నాడు మా ఆయన. ఆశ్చర్యపోయాడు.

భాయ్ కాసేపు సీట్లోనే కూర్చున్నాడు. తర్వాత దిగి, "అమ్మా, నువ్వు తోయి" అన్నాడు.

నేను కూర్చున్నాను. ఆ లివరును నేను ఎప్పుడూ పట్టుకోలేదు. దాని పిడికి చుట్టిన నూలు పట్టీ ఆయన అరచెయ్యి ఆనేచోట నల్లబడి ఉంది. తోశాను.

"పై గీత దగ్గరికి వచ్చినాది" అన్నాడు ఆయన. ఈసారి గొంతు తగ్గింది.

తర్వాత ఆయన సీట్లోకి మారాడు. స్టూలు మీద నేను కూర్చున్నాను. భాయ్ ఏదో పని ఉన్నట్టు అటు తిరిగి పానాలు సర్దుతున్నాడు.

"తోస్తాండాను. చూడు."

ముల్లు లేచింది. సగం దాకా వచ్చింది. అక్కడ సన్నగా వణుకుతూ ఆగింది.

"కొంచెం తక్కువ ఉంది" అన్నాను.

"ఎంత?"

"కొంచెమే."

"సదువుకున్నదానివి గదా, గీత సూసి సెప్పు."

"సగం" అన్నాను.

కారు ముందు అద్దంలోంచి ఆయన ముఖం కనిపిస్తోంది. మెడనరాలు లేచాయి. "ఇప్పుడు?" అన్నాడు. రెండు చేతులూ పెట్టాడని తెలిసింది. ముల్లు ఇంకొంచెం పైకి పోయి, నిలబడలేక మెల్లగా కిందికి దిగసాగింది. అది దిగుతుంటే చూడలేక మీటరు అద్దం మీద చెయ్యి పెట్టి మూసేశాను.

భాయ్ వెనక్కి తిరిగాడు. "ఈ మీటరు సరిగ్గా లేదన్నా. ఎవరిదో పాతది. రేపు ఇంగోటి తెప్పిస్తా."

"మీటరు బాగుండాది భాయ్."

"అట్లయితే లివరు పొడుగు పెడ్తా. పొడుగు పెడితే తక్కువ బలం సాలు. బూస్టరు పెడ్తా, ఏలితో తోస్తే ఆగుతాది."

"ఎంత పొడుగు పెడ్తావు?" అన్నాడు మా ఆయన. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "వచ్చే ఏడాది ఇంగొంచెం పొడుగు పెడ్తావా? వెనక సీటు దాకా వస్తాది."

భాయ్ నవ్వబోయి ఆపుకున్నాడు. చేతులు తుడుచుకునే గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గుడ్డకున్న మడ్డి చెంపకు అంటింది. ఎవరమూ చెప్పలేదు.

తర్వాత కర్నూలులో డాక్టరు చెప్పిందాన్ని బట్టి, చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్ళలో కొందరికి నడివయసులో మళ్ళీ బలం తగ్గుతుందట, అప్పటిదాకా బాగున్న చోట కూడా. "కాళ్ళు చేయాల్సిన పని కూడా ఇన్నేళ్ళూ చేతులే చేసినాయి గదమ్మా" అన్నాడు డాక్టరు. చేతులకు ఎక్కువ శ్రమ పెట్టొద్దన్నాడు. అవి మళ్ళీ ముందులా అవుతాయని మాత్రం అనలేదు. కానీ ఆ రోజు షెడ్డులో ఇదంతా మాకు తెలియదు. మాకు తెలిసింది సగంలో ఆగిన ముల్లు ఒక్కటే.

కారును భాయే తోలుకొని మమ్మల్ని ఎమ్మిగనూరులో దింపాడు. మా ఆయన ఎడమపక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆయన అక్కడ కూర్చోవడం నేను చూడడం అదే మొదలు. సీటు బెల్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. భాయ్ బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయన కుడిచెయ్యి తొడ మీద ముందుకు జరుగుతూనే ఉంది. ఏ గుంత దగ్గర నెమ్మదించాలో, ఏ మలుపు దగ్గర ఆపాలో ఆ చేతికి తెలుసు. భాయ్ తిరుగు బస్సు ఎక్కేముందు తాళాలు నా చేతికి ఇవ్వబోయి, మనసు మార్చుకొని ఆయన చేతికే ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక నేను నేరుగా మా అత్త దగ్గరికి పోయాను.

"ఎన్నాళ్ళ నుంచి మళ్ళీ అతుకుతాండావత్తా?"

ఆమె వెంటనే అర్థం చేసుకుంది. "ఉగాది ముందర నుంచి."

"నాకెందుకు చెప్పలేదు? ఆ కారులో నా పిల్లలు ఎక్కుతాండారు గదా!"

"ఏమని సెప్పాలమ్మే? నా కొడుకు చెయ్యి పోతాందని నా నోటితోనే అనాల్నా?" అంది. "నీ పిల్లోళ్ళు నాకేం గాదా?" అని కొంగు నోట్లో పెట్టుకుంది. నేను ఆమెను తిట్టాలని పోయినదాన్ని. ఆమె పక్కనే కూర్చుండిపోయాను. ఆమె చూసి కప్పిపుచ్చింది, నేను చూసి కూడా అర్థం చేసుకోలేదు. ఏది పెద్ద తప్పో ఇన్నాళ్ళ తర్వాత ఇది రాస్తున్నప్పుడు కూడా నేను తేల్చుకోలేకున్నాను.

భోజనాలయ్యాక పిల్లలు టీవీ ముందు ఉన్నప్పుడు ఆయన నన్ను పిలిచాడు.

"పిల్లోళ్ళకు బ్రేకు రిపేరు కాలేదని సెప్పు. సామాను దొరకల్యాదని సెప్పు."

"ఎన్ని దినాలు సెప్పాల?"

"రేపటికైతే సెప్పు" అన్నాడు.

సరేనన్నాను. నిజంగా అలాగే చెబుదామనుకున్నాను.

పొద్దున ఎనిమిదికి పిల్లలు యూనిఫాం వేసుకొని, బ్యాగులు తగిలించుకొని కారు పక్కన నిలబడ్డారు. చిన్నది అప్పటికే తలుపు పిడి పట్టుకొని లాగుతోంది. ఆయన బయటికి రాలేదు. కిటికీ లోపల మంచం మీద కూర్చొని ఉన్నాడని నాకు తెలుసు.

"మా, బ్రేకు మల్ల చెడిపోయినాదా?" అని పెద్దది అడిగింది.

అవునంటే అయిపోయేది. కానీ రేపు మళ్ళీ ఇక్కడే నిలబడతారు, సామాను వచ్చిందా అని అడుగుతారు. నన్ను కాదు, ఆయననే అడుగుతారు. దినాం అడుగుతారు. ఏదో ఒక పొద్దున చిన్నది మెడ చుట్టూ చేతులు వేసి ఒక్కసారి తోలు నాయనా అంటుంది. ఆయన కాదనలేడు. తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి.

నేను ఇద్దరి ముందూ కూర్చున్నాను. కిటికీ లోపలికి వినపడుతుందని తెలిసే, గొంతు తగ్గించకుండా చెప్పాను.

"లేదు. బ్రేకు బాగుండాది. మీ నాయన చేతుల్లో బలం తగ్గినాది. అందుకే కారు ఆగల్యా. ఇంగ నాయన కారు తోలడు."

"రేపు?" అంది చిన్నది.

"రేపు గూడా తోలడు. మనం ముగ్గురం నడ్సి పోదాం. ముందు లోపలికి పోయి నాయనకు పోయొస్తామని సెప్పి రండి. చేతులు పట్టి లాగొద్దండి. మెల్లగా పట్టుకోండి."